కాంటాక్ట్స్ పర్మిషన్‌కి ‘అలో’ కొట్టే ముందు: మీ ఫోన్‌లో ఉన్నది మీ డేటా ఒక్కటే కాదు

2020 డిసెంబర్. అప్పుడు నేను బీటెక్ థర్డ్ ఇయర్. కరోనా వల్ల కాలేజీ లేదు, అన్నీ ఆన్‌లైన్ క్లాసులే. మన్నెగూడలో మా ఇంట్లో కింద సిగ్నల్ సరిగా రాదని డాబా మీద కూర్చుని క్లాస్ వింటున్నా. ఇంతలో ఏదో తెలియని నంబర్ నన్ను ఒక వాట్సాప్ గ్రూప్‌లో యాడ్ చేసింది. గ్రూప్ ఫోటో చూస్తే మా క్లాస్‌మేట్. పాన్ కార్డు పట్టుకుని తీసుకున్న సెల్ఫీ, దాని మీద ఎర్ర అక్షరాలతో ‘ఫ్రాడ్’ అని. గ్రూప్‌లో మా క్లాస్ వాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. మా ల్యాబ్ సార్ ఉన్నారు. వాడి మేనమామ, వాళ్ల ఊళ్లో కిరాణా షాపు ఆయన, వాడికి ట్యూషన్ చెప్పిన మేడమ్, అందరూ ఉన్నారు.

అరగంటకి నాకు ఫోన్ కూడా వచ్చింది. హిందీలో ఒకామె: ‘మీ ఫ్రెండ్ లోన్ తీసుకున్నాడు, మిమ్మల్ని రిఫరెన్స్‌గా పెట్టాడు, ఈ సాయంత్రానికి కట్టకపోతే మీ పేరు కూడా వస్తుంది.’

వాడు నన్ను రిఫరెన్స్‌గా పెట్టలేదు. యాప్ ఇన్‌స్టాల్ చేశాడు, ‘కాంటాక్ట్స్ యాక్సెస్ చేయడానికి అనుమతించాలా?’ అని అడిగితే ‘అలో’ కొట్టాడు, అంతే. ఐదు వేల లోన్ అని చెప్పి, ప్రాసెసింగ్ ఫీజు అదీ ఇదీ పట్టుకుని, చేతికి మూడు వేల చిల్లర ఇచ్చారు. వారంలో ఐదు వేలు కట్టాలి. కట్టలేక ఇంకో యాప్, దాన్ని కట్టడానికి మరో యాప్. చివరికి వాళ్లన్న వచ్చి మొత్తం తీర్చాడు. వాడు నంబర్ మార్చేశాడు. ఏడాది దాకా మా ఎవరికీ టచ్‌లో లేడు, సిగ్గుతో.

నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఇంకోటి ఉంది. ఆ రోజుల్లో మా బ్యాచ్‌లో ప్రైవసీ గురించి లెక్చర్లు దంచేవాడిని నేనే. టార్చ్ యాప్‌కి లొకేషన్ ఎందుకు ఇచ్చావురా అని అందరినీ ఆటపట్టించేవాణ్ణి. నా ఫోన్‌లో అన్నీ ఆఫ్. అయినా నా పేరు, నా నంబర్ ఎవడిదో సర్వర్‌లోకి వెళ్లిపోయాయి. అవి పోయింది నా ఫోన్ నుంచి కాదు, వాడి ఫోన్ నుంచి. నా సెట్టింగ్స్ అక్కడ ఏం పనికొస్తాయి?

స్మార్ట్‌ఫోన్‌లో డేటా కలెక్షన్ తగ్గించుకోవడం గురించి ఆర్టికల్స్ చాలా వస్తుంటాయి. అన్నీ యాడ్స్‌తో మొదలవుతాయి. నేను మాత్రం కాంటాక్ట్స్‌తో మొదలుపెడతా, ఎక్కువ సేపు కూడా అక్కడే ఉంటా. ఎందుకో పైన చెప్పిందే కారణం.

ఆ డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఏం జరిగింది

మా వాడిది ఒక్కడి కథే కాదు. అదే నెలలో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. హైదరాబాద్‌లోనూ, అటు గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అక్కడ వందల మంది కుర్రాళ్లు, అమ్మాయిలు జీతానికి కూర్చుని చేసే పని ఒకటే: లిస్టులో ఉన్న నంబర్లకి ఫోన్ చేసి పరువు తీయడం. డిసెంబర్ 23న రిజర్వ్ బ్యాంక్ ఇలాంటి యాప్‌లతో జాగ్రత్త అని ప్రకటన ఇచ్చింది. 2021 జనవరిలో గూగుల్ ప్లే స్టోర్ నుంచి కొన్ని యాప్‌లు తీసేసింది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూప్ రిపోర్టు ప్రకారం మన దేశంలో ఆండ్రాయిడ్ యూజర్లకి అందుబాటులో ఉన్న లోన్ యాప్‌లు సుమారు 1,100. అందులో 600 దాకా చట్టవిరుద్ధమైనవే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఇందులో హ్యాకింగ్ లేదు. ఏ ఫోన్‌నీ బ్రేక్ చేయలేదు, ఏ పాస్‌వర్డ్ దొంగిలించలేదు. ఆండ్రాయిడ్ అడగాల్సిన ప్రశ్న అడిగింది, మనవాళ్లు అవును అన్నారు.

తర్వాత రూల్స్ వచ్చాయి. 2022 సెప్టెంబర్ 2న ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. లోన్ యాప్‌లు ఫోన్‌లోని ఫైల్స్, కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ కస్టమర్ స్పష్టంగా ఒప్పుకుంటేనే. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫోటోల యాక్సెస్ నిషేధించింది. మంచిదే. కానీ ఆ నిషేధం ప్లే స్టోర్‌లో ఉన్నవాటికి, అది కూడా లోన్ యాప్ అని చెప్పుకున్నవాటికి. వాట్సాప్‌లో లింక్ పంపి ఇన్‌స్టాల్ చేయించేవాడికి గూగుల్ పాలసీతో పనేముంది? రాశిఫలాల యాప్‌కి, ఫోటో ఎడిటర్‌కి ఆ రూల్ వర్తించదు కూడా.

‘అలో’ కొట్టిన తర్వాత లోపల జరిగేది

ఉద్యోగంలో చేరాక కొన్నాళ్లు ఆండ్రాయిడ్ టీమ్‌లో పనిచేశా. అప్పుడు అర్థమైన రెండు మూడు విషయాలు చెప్తా.

ఆండ్రాయిడ్‌లో కాంటాక్ట్స్ చదివే పర్మిషన్ ఇస్తే మొత్తం ఇచ్చినట్టే. ఒక్క నంబర్ కోసం అడిగినా సరే, యాప్‌కి మొత్తం లిస్టు తెరుచుకుంటుంది: పేర్లు, అన్ని నంబర్లు, ఈమెయిల్స్, పుట్టినరోజులు, మీరు రాసిపెట్టుకున్న నోట్స్. రెండు వేల కాంటాక్ట్స్ ఉన్నా వాటిని చదివి సర్వర్‌కి పంపడం సెకన్ల పని. ఆ తర్వాత మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పర్మిషన్ తీసేసినా, యాప్‌నే తీసేసినా, అక్కడికి వెళ్లిన కాపీ అక్కడే ఉంటుంది. అంటే పర్మిషన్ ఆఫ్ చేయడం ఇకపైన జరిగేదాన్ని ఆపుతుంది, అయిపోయిన దాన్ని కాదు. అందుకే మొదటిసారి వచ్చే పాప్-అప్ దగ్గరే ఆగడం ముఖ్యం.

ఇంకో విషయం యాప్ డెవలపర్లకి తెలుసు, యూజర్లకి తెలియదు. ఒక్క నంబర్ కావాలంటే మొత్తం లిస్టు అడగక్కర్లేదు. ఫోన్‌లో ఉన్న కాంటాక్ట్స్ యాప్‌నే తెరిచి, మీరు వేలితో ఎంచుకున్న ఆ ఒక్క పేరు మాత్రమే తీసుకునే పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఏళ్ల నుంచి ఉంది. దానికి ఏ పర్మిషనూ అవసరం లేదు. ఓటీపీ కూడా అంతే. ఆ ఒక్క మెసేజ్‌ని మాత్రమే చదివే సదుపాయం గూగుల్ ఇచ్చింది. ‘ఓటీపీ కోసం మీ ఎస్ఎంఎస్‌లన్నీ చదవాలి’ అనే మాట కుంటిసాకు. మరి ఎందుకు అడుగుతారు? ఎప్పుడూ దొంగబుద్ధే కారణం కాదు. మీటింగ్‌లో ఎవరో ఒకరు ‘ఇన్వైట్ ఫీచర్ పెట్టాలి, కాంటాక్ట్స్ తీసుకుందాం’ అంటారు. ఇంకెవరో ‘ఉంటే ఎప్పుడైనా పనికొస్తుంది’ అంటారు. అలా ఉండిపోతుంది. పైగా యాప్‌లో కలిపే యాడ్స్ లైబ్రరీలు, అనలిటిక్స్ లైబ్రరీలు తమ పర్మిషన్లు తామే తెచ్చుకుంటాయి. నేను రాయని పర్మిషన్ ఒకటి ఫైనల్ బిల్డ్‌లో కనిపించి, ఇదెక్కడి నుంచి వచ్చిందిరా అని సగం రోజు వెతికిన అనుభవం నాకుంది.

మన దగ్గర ఇంకో సంగతి. మనం పేర్లు సేవ్ చేసుకునే తీరు చూడండి. ఉత్త పేరు ఉండదు. పక్కన వరస ఉంటుంది, ఊరు ఉంటుంది, పని ఉంటుంది. ‘సరోజ అత్త తుర్కయంజాల్’, ‘బావ ఆఫీస్’, ‘మేస్త్రి నర్సింహ ఆదిబట్ల’, ‘అమ్మ కొత్త నంబర్’, ‘మేనేజర్ సార్’. రికవరీ ఏజెంటుకి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరికి ఫోన్ చేస్తే మనిషి ఎక్కువ వణుకుతాడో లిస్టే చెప్తుంది. మా క్లాస్‌మేట్ విషయంలో ముందు కాల్ వెళ్లింది ‘పెద్దమామ’ అని ఉన్న నంబర్‌కి. ఊరికే వెళ్లలేదు.

మా నాన్న ఫోన్‌తో ఒక ఆదివారం

మా నాన్నది సాగర్ రోడ్డు మీద సిమెంట్, ఐరన్ షాపు. ఈ ఏరియాలో ఇళ్ల పనులు ఎలా నడుస్తున్నాయో చెప్పక్కర్లేదు, ఆయన ఫోన్‌లో 1,900 పైచిలుకు కాంటాక్ట్స్. టిప్పర్ డ్రైవర్లు, మేస్త్రీలు, ప్లాట్ల ఏజెంట్లు, మా చుట్టాలంతా. మొన్న ఒక ఆదివారం ఆయన ఫోన్ స్లో అయిందంటే తీసుకున్నా.

‘నా ఫోన్ల దాచుకోనీకి ఏముందిరా?’ అన్నాడు.

‘నీది కాదు నాన్నా, మా అందరి నంబర్లు ఉన్నయి గదా’ అన్నా. దానికి ఏం మాట్లాడలేదు, ఫోన్ ఇచ్చేసిండు. ఈ మాట మీ ఇంట్లో కూడా వాడి చూడండి, ‘ప్రైవసీ’ అనే మాట కన్నా బాగా పనిచేస్తుంది.

సెట్టింగ్స్ తెరిచి పైన సెర్చ్‌లో ‘పర్మిషన్ మేనేజర్’ అని టైప్ చేయండి. శాంసంగ్, షావోమి, రియల్‌మీ, వన్‌ప్లస్, ఒక్కో దాంట్లో ఒక్కో చోట దాక్కుని ఉంటుంది కాబట్టి దారి చెప్పడం కన్నా సెర్చ్ సులభం. అందులో ‘కాంటాక్ట్స్’ నొక్కితే ఏ యాప్‌లకి అనుమతి ఉందో వరసగా వస్తాయి. మా నాన్న ఫోన్‌లో 27 వచ్చాయి. పంచాంగం యాప్, రాశిఫలాలు, లూడో, రెండు కీబోర్డులు, బండి ఇన్సూరెన్స్ యాప్, పెళ్లి ఫోటోలకి ఫ్రేములు పెట్టే యాప్, రెండు న్యూస్ యాప్‌లు. ఫోటో ఫ్రేముకి మా అత్త నంబర్ ఎందుకు?

మూడే ఉంచా. ఫోన్ డయలర్, మెసేజెస్, వాట్సాప్. మిగతా 24 ‘డోంట్ అలో’. యూపీఐ యాప్‌కి కూడా తీసేశా. మా నాన్న డబ్బులు పంపేది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, లేదా నంబర్ కొట్టి. మీరు కాంటాక్ట్ పేరు వెతికి పంపే అలవాటున్నవాళ్లైతే దానికి ఉంచుకోండి. తీసేశాక రెండు వారాలు చూశా. ఒక్క యాప్ కూడా ఆగలేదు. లూడోలో ‘ఫ్రెండ్స్‌ని ఇన్వైట్ చేయండి’ అని పోరుతుంది, అంతే.

ఇంతలో ఇంకోటి దొరికింది. కాంటాక్ట్స్ లిస్టులో ‘ఏటీఎం’ అని ఒక పేరు. నంబర్ చోట నాలుగు అంకెలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా నాన్న ఒక్కడే కాదు, ఆ వయసు వాళ్లు చాలామంది పిన్, బ్యాంక్ ఖాతా నంబర్, ఆధార్ నంబర్ కాంటాక్ట్స్‌లోనే దాచుకుంటారు, నోట్స్ యాప్ వాడటం రాక. ఆ 27 యాప్‌లకీ అది కూడా తెరిచే ఉంది మరి. మీ పెద్దవాళ్ల ఫోన్‌లో ‘ఏటీఎం’, ‘పిన్’, ‘ఆధార్’, ‘ఖాతా’ అని ఓసారి వెతకండి. దొరికితే డిలీట్ చేసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. పిన్ అయితే మార్పించండి కూడా.

ఐఫోన్ వాడేవాళ్లకి ఈ విషయంలో కాస్త సుఖం. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి యాప్ కాంటాక్ట్స్ అడిగితే మొత్తం కాకుండా కొందరినే ఎంచి ఇవ్వొచ్చు.

ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ: ఇవి కాంటాక్ట్స్ కన్నా ప్రమాదం

అదే పర్మిషన్ మేనేజర్‌లో ‘ఎస్ఎంఎస్’ చూడండి. మన దేశంలో బ్యాంకులు చాలా లావాదేవీలకి మెసేజ్ పంపుతాయి కాబట్టి మీ ఇన్‌బాక్స్ అంటే మీ పాస్‌బుక్కే. జీతం ఎంత, ఏ తేదీన పడుతుంది, ఈఎంఐ ఎంత, చెక్ బౌన్స్ అయిందా, అన్నీ అందులో ఉంటాయి. మెసేజెస్ యాప్‌కి ఉండాలి. యూపీఐ, బ్యాంక్ యాప్‌లు మీ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసుకోవడానికి ఎస్ఎంఎస్ అడుగుతాయి, అది లేకపోతే రిజిస్ట్రేషన్ కాదు. వాటికి ఇవ్వక తప్పదు. షాపింగ్, ఫుడ్ డెలివరీ, గేమ్స్, వీటికి మాత్రం అస్సలు వద్దు.

యాక్సెసిబిలిటీ అనేది చూపు లేనివాళ్లు, చేతులు సహకరించనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన మంచి సదుపాయం. దాని అర్థం, ఆ అనుమతి ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. అందుకే దొంగ యాప్‌లన్నీ దాని కోసమే ఎగబడతాయి. వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలాన్’, ‘పీఎం కిసాన్’, ‘పెళ్లి శుభలేఖ’ అనే పేర్లతో వచ్చే ఏపీకే ఫైల్స్ ఈ బాపతువే. శుభలేఖ ఫోటోగా వస్తుంది, వీడియోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. యాప్‌గా రాదు. మీ అమ్మానాన్నలకి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్తే చాలు. సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’లోకి వెళ్లి, ‘డౌన్‌లోడెడ్ యాప్స్’ లేదా ‘ఇన్‌స్టాల్డ్ సర్వీసెస్’ కింద మీకు తెలియని పేరు ఉంటే వెంటనే ఆఫ్ చేసి, ఆ యాప్ తీసేయండి.

లొకేషన్, ఫోటోలు

వీటి మీద ఎక్కువ చెప్పను, ఆండ్రాయిడ్ ఇప్పటికే బాగా నయమైంది. 2015లో ఆండ్రాయిడ్ 6 రాకముందు ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ ఇచ్చినట్టే. ఇప్పుడు ఆండ్రాయిడ్ 10 నుంచి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’, 11 నుంచి ‘ఈసారికి మాత్రమే’, 12 నుంచి లొకేషన్ ‘సుమారుగా’ ఇచ్చే ఆప్షన్ ఉన్నాయి. వాతావరణం చెప్పే యాప్‌కి మీరు ఇబ్రహీంపట్నం వైపు ఉన్నారని తెలిస్తే చాలు, ఏ వీధిలో ఉన్నారో అనవసరం. క్యాబ్‌కి మాత్రం కచ్చితమైన లొకేషన్ ఇవ్వండి, లేకపోతే డ్రైవర్ బొంగులూరు గేట్ దగ్గరే తిరుగుతుంటాడు. ‘ఆల్వేస్’ అని ఉన్నవన్నీ మార్చేయండి. ఫోటోలకి ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్నింటినే ఎంచి ఇవ్వొచ్చు, అది వాడండి.

ఫోన్ కంపెనీ, గూగుల్ తీసుకునేది

యాప్‌లు ఇన్‌స్టాల్ చేయకముందే ఫోన్‌లో కొన్ని స్విచ్‌లు ఆన్‌లో ఉంటాయి. రివ్యూల్లో కెమెరా, బ్యాటరీ గురించి పేజీలు రాస్తాం కానీ ఇవి రాయం, మా తప్పే. 2023 జూన్‌లో రియల్‌మీ ఫోన్లలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఇంటెలిజెంట్ సర్వీసెస్’ అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోందని ఒక యూజర్ ట్విట్టర్‌లో పెడితే పెద్ద గొడవైంది. అప్పటి ఐటీ సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ పరిశీలిస్తామన్నారు. డేటా ఫోన్‌లోనే ఉంటుంది, బయటికి పంపం అని కంపెనీ జవాబిచ్చింది. సరే, నమ్ముదాం. కానీ అడగకుండా ఆన్ చేసి పెట్టడం ఎందుకు అన్నదే అందరి ప్రశ్న. షావోమి ఫోన్లలో ‘ఎంఎస్ఏ’ అనే సిస్టమ్ యాప్, శాంసంగ్‌లో ‘కస్టమైజేషన్ సర్వీస్’, ఇవి యాడ్స్‌కి, సిఫార్సులకి సంబంధించినవి. సెట్టింగ్స్ సెర్చ్‌లో ఆ పేర్లు కొట్టి ఆఫ్ చేసుకోవచ్చు. ఎంఎస్ఏ మాత్రం మొండిది, ఆఫ్ చేస్తుంటే పది సెకన్లు ఆగమంటుంది, ఒక్కోసారి ఫెయిల్ అయిందంటుంది. రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే ఆగుతుంది.

గూగుల్ విషయంలో రెండు పనులు. ఒకటి, సెట్టింగ్స్‌లో గూగుల్‌లోకి వెళ్లి ‘యాడ్స్’ కింద ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. రకరకాల యాప్‌ల్లో మీరు చేసినవన్నీ ఒకే మనిషివని కలిపే నంబర్ అది. డిలీట్ చేస్తే యాడ్స్ ఆగవు, మీ వెంట పడటం తగ్గుతుంది. రెండు, గూగుల్ అకౌంట్‌లో ‘డేటా అండ్ ప్రైవసీ’ కింద ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ తెరిచి ఆఫ్ చేయండి, లేదా మూడు నెలలకి ఆటో డిలీట్ పెట్టండి. లొకేషన్ హిస్టరీ ఆఫ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అది ఆఫ్‌లో ఉన్నా ఈ వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ ద్వారా గూగుల్ లొకేషన్ దాచుకుంటోందని 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. 2022 నవంబర్‌లో అమెరికాలో 40 రాష్ట్రాలతో 39 కోట్ల 15 లక్షల డాలర్లకి ఆ గొడవ సెటిల్ చేసుకుంది.

ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ కింద ‘డేటా సేఫ్టీ’ అని ఉంటుంది. చూడండి గానీ, అది డెవలపర్ తన గురించి తాను రాసుకున్నదని గుర్తుంచుకోండి. దాని కన్నా ‘ఎక్సోడస్ ప్రైవసీ’ అనే ఫ్రెంచ్ సంస్థ వెబ్‌సైట్‌లో యాప్ పేరు కొడితే అందులో ఎన్ని ట్రాకర్లు, ఏ పర్మిషన్లు ఉన్నాయో చూపిస్తుంది.

ఇప్పటికే బయటికి పోయినదాని సంగతి

నేను ఉండేదే మన్నెగూడలో. అయినా వారానికి రెండు సార్లు ఫోన్ వస్తుంది: ‘సార్, మన్నెగూడలో ఓపెన్ ప్లాట్లు ఉన్నాయి, సైట్ విజిట్‌కి క్యాబ్ పంపమంటారా?’ నా నంబర్ ఎలా దొరికిందని అడిగితే ఫోన్ పెట్టేస్తారు.

ఎలా దొరుకుతుందో 2023లో కొంత తెలిసింది. ఆ మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు అమ్ముతున్న ముఠాని పట్టుకున్నారు. వారం తిరిగేసరికి ఇంకో అరెస్టు. ఈసారి 24 రాష్ట్రాలు, 8 మెట్రో నగరాలకి చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల డేటా అని చెప్పారు. ఈ లెక్కన మీరూ నేనూ అందులో లేమని అనుకోవడానికి లేదు. పోయిందాన్ని మనం వెనక్కి తేలేం. కొత్తగా ఇచ్చేది తగ్గించుకోగలం. బట్టల షాపులో బిల్లుకి నంబర్ అడిగితే ‘లేదు, పేపర్ బిల్లు ఇవ్వండి’ అనండి. ప్లాట్ల ఎక్స్‌పోలో లక్కీ డ్రా కూపన్ మీద నంబర్ రాయకండి, కారు మనకి రాదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. నాకు ఆసక్తిగా అనిపించింది అందులోని ఆరో సెక్షన్. సమ్మతి అంటే ఏంటో వివరించడానికి ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: డాక్టర్‌తో ఆన్‌లైన్‌లో మాట్లాడించే యాప్ ఒకటి కాంటాక్ట్స్ లిస్టు కూడా అడిగింది, ఆవిడ సరే అంది. అయినా వైద్యానికి ఆ లిస్టు అవసరం లేదు కాబట్టి, ఆవిడ ఇచ్చిన సమ్మతి వైద్యానికి కావాల్సిన డేటా వరకే అని చట్టం అంటుంది. ఇన్ని రకాల డేటా ఉండగా ఉదాహరణకి కాంటాక్ట్సే ఎంచుకున్నారు చూడండి. అంటే గడువు పూర్తయ్యాక ‘మీరే అలో కొట్టారు కదా’ అనే జవాబు కంపెనీకి పనికిరాదు. అప్పటిదాకా మాత్రం ఆ పాప్-అప్ ముందు మనమే ఉన్నాం.

ఎవరైనా ఇప్పటికే ఇలాంటి లోన్ యాప్ వలలో ఉంటే: ఒకదాన్ని తీర్చడానికి ఇంకోటి తీసుకోకండి. బెదిరింపు మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, 1930కి ఫోన్ చేయండి లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇంట్లోవాళ్లకి మీరే ముందు చెప్పేయండి, వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. మీ కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకి కూడా ‘నా పేరుతో ఏదైనా మెసేజ్ వస్తే పట్టించుకోకండి’ అని ఒక స్టేటస్ పెట్టండి. మా వాడు అప్పుడు ఇది చేయలేకపోయాడు. చేసుంటే మాలో ఒక్కరం కూడా వాణ్ణి తప్పుగా అనుకునేవాళ్లం కాదు. లోన్ తీసుకోబోతున్నవాళ్లు యాప్ వెనక ఏ బ్యాంక్ లేదా ఎన్‌బీఎఫ్‌సీ ఉందో చూడండి. 2025 జూలై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా ఉంది, అందులో పేరు లేకపోతే వదిలేయండి.

చివరిగా ఒక చిన్న విషయం. మా నాన్న ఫోన్‌కి పోయిన వారం సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది. అప్‌డేట్ అయ్యాక చూస్తే మేం పెట్టని రెండు కొత్త యాప్‌లు వచ్చి కూర్చున్నాయి, అందులో ఒకటి తెరవగానే కాంటాక్ట్స్ అడిగింది. ఈసారి మా నాన్నే ‘డోంట్ అలో’ కొట్టి నాకు చూపించాడు. మీరు కూడా పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పర్మిషన్ మేనేజర్ ఒకసారి తెరిచి చూడండి, ఐదు నిమిషాలు పడుతుంది.